సాయం కోసం పుస్తకం వేయడమా, ఆ డబ్బు నేరుగా పంపడమా?

కాలువగట్టు:

తెనాలి దగ్గర మా పాఠకుల బృందంలో నెల రోజులుగా ఒకటే వాదన. పక్క పల్లెలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గ్రంథాలయానికి ఒక గది కేటాయించారు గాని, అందులో పెట్టడానికి పుస్తకాలు లేవు. ఒక కథల సంకలనం వేసి, అమ్మగా వచ్చిన డబ్బుతో పుస్తకాలు కొనిద్దామని బృందంలో సగం మంది అంటున్నారు. తలా కొంత వేసుకుని రేపే కొనిచ్చేద్దామని మిగతా సగం. ఎటూ తేలక ఈ చర్చా వేదికలో అడుగుతున్నాను.

నేను ఎటువైపో చెప్పేముందు పాత లెక్క ఒకటి మీ ముందు పెట్టాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాను కకావికలం చేసినప్పుడు కొందరు మిత్రులం ఇలాంటి సంకలనమే వేశాం. 14 మంది రచయితలు కథలిచ్చారు. 160 పేజీలు, వెల 150 రూపాయలు, 500 కాపీలు. అచ్చు ఖర్చుకని మిత్రులం 35,000 వేసుకున్నాం. డీటీపీకి, ప్రూఫులకు 6,000 అయింది. కాగితం, అచ్చు, బైండింగ్ కలిపి 34,000. ఆవిష్కరణ సభకు హాలు, మైకు, బ్యానరు, టీలు 7,500. పోస్టేజీ 3,500. మొత్తం 51,000.

ఇక అమ్మకం. చేతి మీద 130 కాపీలు పోయాయి. దుకాణాల ద్వారా 160. వాటి మీద 40 శాతం కమిషన్ పోగా కాపీకి 90 రూపాయలు చేతికొచ్చాయి. పోస్టులో 48. అంతా కలిపి 41,100. రచయితలకు, పత్రికలకు, అతిథులకు ఉచితంగా ఇచ్చినవి 72. మిగిలిన 90 కాపీలు ఇప్పటికీ మా ఇంటి బీరువాలో పై అరలో ఉన్నాయి.

మేము వేసుకున్నదీ అమ్మకమూ కలిపి 76,100. అందులో ఖర్చులన్నీ పోను మేము పంపింది 25,100. మొన్న ఆ నోటుపుస్తకం తిరగేస్తుంటే తట్టింది: మేము వేసుకున్న 35,000 అలాగే పంపేసి ఉంటే ఇంకో 9,900 చేరేది కదా! అప్పట్లో ఎవరమూ అలా లెక్కవేయలేదు. అమ్మకం 40 వేలు దాటిందని సంతోషించాం.

అయినా నేను పుస్తకం వైపే ఉన్నాను. పోస్టులో తెప్పించుకున్నవారిలో పదకొండు మంది మా చుట్టుపక్కల ఊళ్లవారు. కవర్ల మీద చిరునామాలు రాస్తుంటే ఆ సంగతి తెలిసింది. వాళ్లకు ఫోన్లు చేశాను. మా బృందం అలా పుట్టింది. ప్రతి నెలా రెండో ఆదివారం ఈనాటికీ కూర్చుంటున్నాం. మరి ఆ 9,900ను నష్టం అనాలా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

పద్దుపుస్తకం:

ముందు ఒక ప్రశ్న. వెనక అట్ట మీద ఏమని అచ్చువేశారు?

కాలువగట్టు:

"ఈ పుస్తకం అమ్మకం ద్వారా వచ్చే సొమ్మంతా తుఫాను బాధితులకే" అని.

పద్దుపుస్తకం:

నేను భయపడింది అదే. అమ్మకం ద్వారా వచ్చిన సొమ్ము 41,100. మీరు పంపింది 25,100. మీలో ఎవరూ ఒక్క రూపాయి వాడుకోలేదని నాకు పూర్తి నమ్మకం ఉంది. కాని ఆ వాక్యం చదివి కొన్న 338 మందికి ఇచ్చిన మాట నిలబడలేదు. సంస్థల లెక్కలు చూసే పనిలో ముప్పై ఏళ్లుగా ఉన్నాను. దొంగలెక్కల కన్నా ఇలాంటి మంచివాళ్ల లెక్కలే నన్ను ఎక్కువ బాధపెడతాయి, ఎందుకంటే వాటిని ఎవరూ అడగరు. "ఆదాయం", "లాభం", "అమ్మకం", "వెల" అన్నవి నాలుగు వేర్వేరు మాటలు. ఏది ఇస్తున్నారో ఆ మాటే వేయాలి.

పుస్తకం కొనడం, విరాళం ఇవ్వడం చట్టం దృష్టిలో కూడా ఒకటి కాదు. అర్హత ఉన్న సంస్థకు నేరుగా ఇస్తే ఆదాయపు పన్ను మినహాయింపుకు పనికొచ్చే రసీదు వస్తుంది, 150 పెట్టి పుస్తకం కొంటే రాదు. ఇంకొకటి, అచ్చు పుస్తకం అమ్మకంపై జీఎస్టీ లేదని అందరూ సంబరపడతారు. కాగితం కొన్నప్పుడు, అచ్చు పని చేయించినప్పుడు కట్టిన పన్ను తిరిగి రాదన్న సంగతి బిల్లు చూశాకే తెలుస్తుంది.

పాఠకుల బృందం పుట్టడం గొప్ప విషయమే, కాదనను. దానికి 9,900 ఖర్చయిందంటే ఆ ఖర్చు మీరు పెట్టుకోవాలి. తుఫానులో ఇల్లు పోయినవాడి చేత పెట్టించకూడదు.

ఉద్దానం మాస్టారు:

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, సాయం తీసుకున్న వైపు. కాబట్టి నా మాట కూడా వినాలి. మీరు పంపిన 25,100 మా బడికి రాలేదు, మండలంలో వేరేచోటికి వెళ్లి ఉంటుంది. మీ పుస్తకం మాత్రం ఒక కాపీ మా బడికి వచ్చింది.

ఆ రాత్రి గాలికి మా గ్రంథాలయం గది రేకులు లేచిపోయాయి. పుస్తకాలన్నీ నానిపోయాయి. వారం తర్వాత ఎండ కాసినప్పుడు ప్రహరీ గోడ మీద వరసగా ఆరబెట్టాం. ఆరేకొద్దీ పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎనిమిదో తరగతి పిల్లలు కొబ్బరి ఈనెపుల్లలు తెచ్చి, నాలుక పంటికింద పెట్టుకుని, ఒక్కొక్క పేజీ విడదీశారు. చిరిగిందల్లా అన్నం మెతుకుతో అంటించారు. ఆ గదిలోకి తర్వాత వచ్చిన మొదటి కొత్త పుస్తకం మీదే. పిల్లలు ముందు చేసిన పని దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడడం.

బియ్యం వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి, డబ్బు వచ్చింది. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ మేము రుణపడి ఉన్నాం. కాని ఎక్కడో తెనాలిలో కూర్చుని మా గురించి 160 పేజీలు అచ్చువేశారన్నది పిల్లలకు వేరే సంగతి. పద్దుపుస్తకం గారి 9,900లో ఇది ఎక్కడ రాయాలో నాకు తెలియదు, ఎక్కడో ఒకచోట రాయాలి.

నా ఫిర్యాదు మరొకటి. 14 కథల్లో ఒక్కటి కూడా ఉద్దానం మనిషి రాసింది లేదు. కొబ్బరి చెట్టు కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. కూలిన తోట ముందు నిలబడిన రైతు ఆ ఏళ్లను ఎలా లెక్కపెట్టుకుంటాడో మావాళ్లలో రాయగలిగినవాళ్లు ఉన్నారు. మీరు అడగలేదు.

ఆఫ్‌సెట్:

నేను చిన్న ప్రచురణకర్తను, ప్రెస్సులో పెరిగినవాణ్ణి. ఇందులో తప్పు పుస్తకానిది కాదు, 500 అన్న అంకెది. ఆఫ్‌సెట్ ముద్రణకు ముందుగా చేయించాల్సిన ప్లేట్ల ఖర్చు 200 కాపీలకూ అంతే, 500 కాపీలకూ అంతే. అందుకని "ఇంకో 300 కలిపితే కాపీకి తక్కువ పడుతుంది" అంటారు. అలా తక్కువ పడిన కాపీలే బీరువా ఎక్కుతాయి. ఇప్పుడు డిజిటల్‌లో 100, 150 కూడా వేసుకోవచ్చు. కాపీకి కొంచెం ఎక్కువైనా చేతిలో ఏమీ మిగలదు.

అసలు పద్ధతి మన పెద్దలే చూపించారు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులు కలిసి తెలుగు పుస్తకాలు వేయడానికి విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పెట్టినప్పుడు చందాదారులను కూడగట్టుకున్నారు. ఎవరికి అచ్చువేస్తున్నామో తెలిసి అచ్చువేయడం అది. ఈ రోజున అది ఇంకా తేలిక. ముందు పేర్లు, డబ్బు తీసుకోండి. 120 మంది వస్తే 130 కాపీలు వేయండి. ఇరవై మందే వస్తే అచ్చు మానేసి ఆ డబ్బు వాళ్ల అనుమతితో బడికి పంపండి.

పోస్టేజీ కూడా వెలలో కలుపుకోండి. పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపుకునే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ను తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేశాక చిన్నవాళ్లం అందరం ఆ దెబ్బ తిన్నాం.

కథకురాలు:

ఖర్చుల జాబితా రెండుసార్లు చదివాను. డీటీపీకి ఇచ్చారు, ప్రెస్సుకు ఇచ్చారు, హాలుకు, మైకుకు, టీలకు ఇచ్చారు. ఉచితంగా తీసుకున్నది కథ ఒక్కటే. నేను డబ్బు కోసం అడగడం లేదు. తుఫాను బాధితుల కోసమంటే ఏ రచయితా చేయి చాపరు. కాని రచయిత ఇచ్చింది కూడా విరాళమేనని ఎక్కడో ఒక వాక్యం ఉండాలి. కథకు ఇంత అని కట్టి, "రచయితలు వదులుకున్న పారితోషికం" అని లెక్కలో చూపించండి.

నాకు జరిగింది చెబుతాను. ఒక వరద సహాయ సంకలనానికి ఫోను మీద అడిగితే కథ పంపాను. కొన్నేళ్లకు అదే కథ, అదే ప్రచురణకర్త వేసిన మరో సంకలనంలో కనబడింది. ఆ పుస్తకం ఏ సహాయం కోసమూ కాదు. అడిగితే "అప్పుడే ఇచ్చారు కదమ్మా" అన్నారు. కాపీరైట్ చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లే, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. నాకది అప్పుడు తెలియదు. కాలువగట్టు గారూ, మీరు పుస్తకం వేస్తే ప్రతి రచయితతో ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకోండి: ఈ పని కోసం, ఈ ముద్రణకు, ఇంత కాలానికి, పునర్ముద్రణ అయితే మళ్లీ అడిగి.

ఇంకో మాట కూడా చెప్పక తప్పదు. ఇలాంటి సంకలనాలలో బలహీనమైన కథలు ఎక్కువ. మంచి పని కోసం వేశారు కాబట్టి ఎవరూ ఏమీ అనరు. ఆ మొహమాటం పాఠకుడికి మంచిది కాదు, రాసినవాడికి అసలే మంచిది కాదు.

థేమ్స్ ఒడ్డు:

నేను లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి దగ్గరలో పని చేస్తాను. సాయం కోసం పుస్తకం అంటే నాకు ముందు గుర్తొచ్చేది పీటర్ పాన్ అనే ఇంగ్లీషు పిల్లల కథ. దాన్ని రాసిన జె.ఎం. బారీ 1929లో ఆ రచన మీది హక్కులన్నీ ఈ ఆసుపత్రికి రాసిచ్చారు. ఆయన 1937లో పోయారు. అప్పటి చట్టం ప్రకారం 1987తో హక్కుల గడువు తీరిపోయింది. మాజీ ప్రధాని జేమ్స్ కలహాన్ చొరవతో 1988 కాపీరైట్ చట్టంలో ప్రత్యేకంగా ఒక నిబంధన చేర్చి, బ్రిటన్‌లో ఆ రచన మీద రాయల్టీ ఈ ఆసుపత్రికి శాశ్వతంగా అందేలా చేశారు. తొంభై ఏళ్లు దాటినా ఒక పుస్తకం పసిపిల్లల వైద్యానికి ఆసరా అవుతోంది. ఏ చందా ఇంతకాలం నిలుస్తుంది?

పద్దుపుస్తకం గారికి నచ్చని విషయం కూడా చెప్పాలి. దీని మీద ఎంత వచ్చిందో ఆసుపత్రి బయటపెట్టదు. అది బారీ కోరిక. అయినా జనం నమ్ముతున్నారు. అంకెలన్నీ అచ్చువేస్తేనే నమ్మకం అనుకోనక్కరలేదు.

పద్దుపుస్తకం:

ఈ ఉదాహరణ నా వాదనకే బలం. బారీ కొత్తగా ఒక పుస్తకం అచ్చువేయించి, సభ పెట్టి, మిగిలింది ఇవ్వలేదు. అప్పటికే జనం ప్రేమించిన రచన మీది హక్కును ఇచ్చేశారు. అచ్చు ఖర్చు ప్రచురణకర్తది, అమ్మే బాధ దుకాణానిది, రాయల్టీ మాత్రం ఆసుపత్రిది. మన రచయితల్లోనూ ఏటా మళ్లీ మళ్లీ అచ్చయ్యే పుస్తకాలున్నవారు ఉన్నారు. అలాంటివారు ఒక్క పుస్తకం రాయల్టీ ఒక బడికి రాసిస్తే నేనే కాగితాలు తయారుచేసి పెడతాను, ఫీజు తీసుకోను.

రహస్యం విషయంలో మాత్రం ఒప్పుకోను. అంత పెద్ద ఆసుపత్రికి లెక్కలు చూసే యంత్రాంగం వేరే ఉంటుంది. మన దగ్గర ఆ నోటుపుస్తకం ఒక్కటే దిక్కు. కాబట్టి అది తెరిచే ఉండాలి.

ఉద్దానం మాస్టారుకు జవాబు బాకీ ఉన్నాను. పిల్లలు పుస్తకాన్ని వాసన చూడడం ఏ పద్దు కింద రాయాలో నాకూ తెలియదు. రాయాలనే అనుకుంటున్నాను.

రెండో అర:

జిల్లా గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. మీరంతా డబ్బు ఎలా వస్తుందన్న దాని గురించే మాట్లాడుతున్నారు. పుస్తకాలు బడికి చేరాక ఏమవుతుందో నేను చూశాను. దాతలు తమకు నచ్చినవి, లేదా ఇంట్లో వద్దనుకున్నవి ఇస్తారు. స్టాకు రిజిస్టరులో ఎక్కుతాయి. పోతే జీతంలోంచి కట్టాలన్న భయంతో మాస్టారు బీరువాకు తాళం వేస్తారు. ఆయన్ని తప్పుపట్టలేం.

1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. కాలువగట్టు గారూ, మీ ప్రాంతమే అది. పుస్తకాన్ని మనిషి దగ్గరికి తీసుకెళ్లడం వేరు, గదిలో పెట్టి తాళం వేయడం వేరు. మీ బృందంలో ఇద్దరు నెలకోసారి ఆ బడికి వెళ్లి, ఒక గంట పిల్లలతో కలిసి చదువుతారా? చదివేటట్టయితే పుస్తకం వేసి తెచ్చినా, చందా వేసి తెచ్చినా నాకు ఒకటే. చదవనివాళ్లయితే రెండూ వృథా.

ఆఫ్‌సెట్:

రెండో అర గారి మాటతో సగమే ఏకీభవిస్తాను. రెండూ ఒకటి కాదు. సంకలనం వేయడంలో ప్రూఫులు చూడడానికి, కథలు ఎంచడానికి నలుగురు కలిసి కూర్చోవాలి. చందాకు కూర్చోనక్కరలేదు, ఫోన్‌లోనే పంపేయవచ్చు. నా కళ్ల ముందు ఒక ప్రూఫు కట్ట చుట్టూ కూర్చున్నవాళ్లు ఇరవై ఏళ్ల స్నేహితులయ్యారు.

కాలువగట్టు:

ఈ ఆదివారం బృందంలో ఇదంతా చదివి వినిపించాను. మూడు గంటలు పట్టింది. ఇద్దరు అలిగి మధ్యలో వెళ్లిపోయి, మళ్లీ వచ్చారు.

పక్క ఊరి బడికి పుస్తకం అమ్మకాలతో సంబంధం లేకుండా చందా వేస్తున్నాం. అక్కడికక్కడే 22,000 వచ్చింది. ఏ పుస్తకాలు కొనాలో పిల్లలను అడిగి రాసుకొస్తాం. నెలకోసారి వెళ్లడానికి నలుగురు పేర్లిచ్చారు. సంకలనం కూడా వేస్తాం, ముందు పేర్లు తీసుకుని, సభ లేకుండా, మా సొంత ఖర్చుతో. వెనక అట్ట మీద ఏ వాగ్దానమూ ఉండదు. ప్రచురణ వివరాల పేజీలో లెక్క ఉంటుంది. రచయితలతో రాతపూర్వకంగానే. దీని మీద మాలో ఇంకా అందరూ ఒప్పుకోలేదు. ఏ సాయమూ లేని సంకలనాన్ని ఎవరు కొంటారని ఒకరు గట్టిగానే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

పద్దుపుస్తకం గారూ, మీ మొదటి మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. 41,100లోంచి 25,100 తీసేస్తే 16,000. అది మా బాకీ. ఉగాదిలోగా కూడబెట్టి ఉద్దానం పంపాలని నిర్ణయించాం. మాస్టారు గారూ, మీ బడికి పంపవచ్చా?

ఉద్దానం మాస్టారు:

గదికి రేకులు వేశారు, అరలు ఇంకా లేవు. ప్రధానోపాధ్యాయుడి పేరుతో ఉత్తరం, బడి ఖాతా వివరాలు మీకు విడిగా పంపుతాను. రసీదు వస్తుంది, అరలు కొన్న బిల్లు కూడా పంపుతాం.

బీరువాలో ఉన్న 90 కాపీలలో 35 పంపండి. తొమ్మిదో తరగతిలో అంతమంది ఉన్నారు. ఆనాడు పేజీలు విడదీసిన పిల్లల్లో ఒకడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. కూలిన తోట గురించి నాలుగు పేజీలు రాశాడు. కొత్త సంకలనానికి కథలు ఎప్పటిలోగా పంపాలో చెప్పండి.