అప్పు దావాల్లో వకీలు లేనివారికి మనం ఎంతవరకు సహాయపడవచ్చు?

ప్రశ్న:
మేము కొందరం కలిసి సెలవు రోజుల్లో దరఖాస్తులు నింపిపెడుతుంటాము. ఈ మధ్య ప్రామిసరీ నోటు మీద వేసిన దావాల సమన్లు పట్టుకుని వచ్చేవారు ఎక్కువయ్యారు. వకీలు ఫీజు ఇచ్చుకోలేక, కోర్టుకు వెళితే అక్కడికక్కడే అరెస్టు చేస్తారేమోనన్న భయంతో, చాలామంది వాయిదాకు హాజరు కావడమే మానేస్తున్నారు. న్యాయవాదులం కాని మేము వీరికి ఎంతవరకు సహాయపడవచ్చో, ముందుగా ఏమి చూడాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు:
ముందు ఆ భయం తీర్చండి. డబ్బు వసూలు దావా సివిల్ వ్యవహారం కనుక, సమన్లు అందుకున్నంత మాత్రాన ఎవరినీ అరెస్టు చేయరు. (చెల్లని చెక్కు కేసు వేరు, అది క్రిమినల్ కోర్టులో నడుస్తుంది.) హాజరు కాకపోతేనే అసలు నష్టం: ఎక్స్‌పార్టీ డిక్రీ (ప్రతివాది రాకుండానే ఇచ్చే కోర్టు తీర్పు) అవుతుంది, ఆ తరువాత ఇ.పి. (డిక్రీ అమలు పిటిషను) వేసి జీతమో ఆస్తియో జప్తుకు తెస్తారు.

మామూలు దావాలో రాతపూర్వక జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది, కారణం చూపితే కోర్టు దానిని 90 రోజుల వరకు పొడిగించవచ్చు. కాని సివిల్ ప్రొసీజర్ కోడ్ 37వ ఆర్డరు (ఆ కోడ్‌లోని ఒక అధ్యాయం) కింద వేసిన సమ్మరీ దావా (త్వరగా తేల్చే దావా) అయితే 10 రోజుల్లోనే హాజరు నమోదు చేయించుకోవాలి కాబట్టి, సమన్లు ఏ ఆర్డరు కింద వచ్చాయో మొదట చదవండి. జవాబులో ‘దావా అంతా అబద్ధం’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకూడదు. ప్లెయింటులో (వాది వేసిన దావా పత్రంలో) ఒప్పుకోని ప్రతి అంశాన్నీ విడివిడిగా కాదనాలి, కాదననిది ఒప్పుకున్నట్టే లెక్క.

ఇక నోటు నకలు తీసుకుని వెనక వైపు చూడండి. వసూలు దావాకు కాలపరిమితి 3 సంవత్సరాలు. అది నిండకముందే ఎంతో కొంత జమ చేసినట్టు నోటు వెనక చెల్లు రాయించుకుంటే గడువు మళ్లీ మొదలవుతుంది. అయితే ఆ చెల్లు చెల్లించినవారి చేతిరాతలోనైనా ఉండాలి, దాని కింద వారి సంతకమైనా ఉండాలి. ఆ సంతకం తనదేనా అని వచ్చినవారిని అడగండి. కాదని చెప్పమని మాత్రం నేర్పకండి.

మరో జవాబు:
న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు వంటి కొన్ని వర్గాలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని పొందవచ్చు. మిగిలినవారికి ఆదాయ పరిమితి వర్తిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోని సంస్థ కార్యాలయానికి వెళ్లవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. నా దృష్టిలో మీరు చేయగల అతి పెద్ద సహాయం ఉచిత న్యాయవాది కోసం పెట్టే దరఖాస్తు గడువులోగా అక్కడికి చేరేలా చూడడమే.

మరో జవాబు:
కక్షిదారు తన కేసును తానే వాదించుకోవచ్చు గాని, అతని తరఫున మీరు వాదించాలంటే కోర్టు అనుమతి ఉండాలి. కాగితాలు చదివి వివరించినందుకు డబ్బు తీసుకోకండి. లోక్ అదాలత్‌లో రాజీకి వెళ్లేవారికి ఒక సంగతి గట్టిగా చెప్పండి: అక్కడి అవార్డు (రాజీ మీద ఇచ్చే తీర్పు) డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. నెలకు ఎంత కట్టగలరో ఇంట్లో లెక్క చూసుకున్నాకే సంతకం పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పటికే ఎక్స్‌పార్టీ డిక్రీ అయినవారి మాటేమిటి?

జవాబు:
దానిని రద్దు చేయమని అదే కోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డరు 13వ రూలు కింద పిటిషను వేయవచ్చు. డిక్రీ తేదీ నుంచి 30 రోజులు గడువు. సమన్లు సరిగా అందకపోయి ఉంటే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. ఆలస్యమైతే దానిని మన్నించమని వేరే పిటిషను జతచేయాలి. దీనికి మాత్రం న్యాయవాది సహాయం తీసుకోమనండి.