'విసుకక' అంటే 'విసుక్కోకుండా' అనేనా?

గ్రూపులో అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం నుంచి ఒక మాట దగ్గర ఆగిపోయాను.

సంగతి ఇది. నాన్న పోయాక అమ్మ పింఛను కోసం ఒక ఆఫీసు చుట్టూ ఐదుసార్లు తిరిగాను. ఒక కాగితంలో నాన్న పేరు చివర 'య్య', ఇంకో దాంట్లో 'యా'. గొడవంతా అదే. తార్నాక నుంచి బస్సు, క్యూ, 'సార్ లంచ్‌కి పోయిండు', మళ్ళీ బస్సు. ఐదోసారి అక్కడి క్లర్కు మీద విసుక్కున్నాను. ఇంటికొచ్చి, మంచినీళ్ళు ఇచ్చిన పాపానికి అమ్మ మీదా విసుక్కున్నాను. ఆదివారం చర్చిలో అయ్యగారు బైబిల్లోని లూకా సువార్త 18వ అధ్యాయం చదివారు: 'వారు విసుకక నిత్యము ప్రార్థన చేయుచుండవలెననుటకు...' నన్నే అన్నట్టు తల దించుకున్నాను. ఇంతకీ ఈ విసుకక, మనం రోజూ అనే విసుక్కోవడం ఒకటేనా?

జవాబు: మా దిక్కు దీన్ని 'యాష్టకొచ్చింది' అంటరు. ఉర్దూ కలిపితే పరేషాన్, బేజార్. ఆఫీసుల చుట్టూ తిరిగితే మూడూ వస్తయి.

జవాబు: ఒకటే ధాతువండీ, కానీ ఒకటే అర్థం కాదు. పాత తెలుగులో 'విసుకు' క్రియ. అంటే అలసిపోవడం, ఇక నావల్ల కాదనుకోవడం. 'అలయక', 'వెరవక' లాగే 'విసుకక'. ఇప్పుడు మాటల్లో ఒట్టి 'విసుకు' క్రియగా దాదాపు పోయింది. నామవాచకం 'విసుగు' అయింది. క్రియ విసిగిపోవడంలో, విసిగించడంలో ఉంది, 'కొను' చేరినచోట కూడా ఉంది: విసుక్కొను.  తమాషా ఏమిటంటే, ఆ 'కొను' చేరాక చిరాకు ఎదుటి మనిషి మీదికి తిరిగింది. అలసట మనలో ఉండేది, విసుక్కోవడం ఇంకొకరి మీద.

గ్రీకు మూలంలో ఉన్నది 'ఎన్‌కకేయిన్'. కొత్త నిబంధనలో ఆరుచోట్ల వస్తుంది. గుండె జారడం, మధ్యలో వదిలేయడం దాని అర్థం. మన తెలుగు బైబిల్లోనే, పౌలు రాసిన ఉత్తరం 2 కొరింథీ 4లో అదే మాటను 'అధైర్యపడము' అన్నారు. గలతీ 6:9లో మళ్ళీ 'మేలుచేయుటయందు విసుకక'. కాబట్టి ఆ వాక్యం మీ కోపం గురించి కాదు. ఆరోసారి వెళ్తారా లేదా అన్నదే దాని సంగతి.

జవాబు: ప్రార్థన చేస్తే ఫైలు కదులుతుందా? అలాగైతే నేనూ మొదలుపెడతాను.

అడ్మిన్: భాష వరకే ఉందాం, దయచేసి.

జవాబు (పైన రాసినాయనే): ఆ ప్రశ్నకూ లూకా 18లోనే ఒక మాట ఉంది, భాష వరకే చెప్తాను. అక్కడ యేసు చెప్పిన ఉపమానంలో, పట్టించుకోని న్యాయాధిపతి దగ్గరికి న్యాయం కోసం మాటిమాటికి వచ్చే విధవరాలు నోరు మూసుకుని ఓర్చుకునే మనిషి కాదు. న్యాయాధిపతి ఏమనుకుంటాడు? ఆమె 'మాటిమాటికి వచ్చి గోజాడకుండునట్లు' న్యాయం తీరుస్తానని. గోజాడడం! ఇప్పుడైతే నస పెట్టడం అంటాం, కానీ నసలో ఆ బలం లేదు. అక్కడి గ్రీకు మాటకు అసలు అర్థం కంటి కింద కమిలేలా గుద్దడం. 1 కొరింథీ 9:27లో పౌలు తన శరీరాన్ని 'నలగగొట్టి' అన్నప్పుడు వాడింది కూడా ఆ మాటే. అనువాదకులు 'గోజాడు' అన్నారు చూడండి, ఆ మాట ఎంచుకున్నవాళ్ళకు దండం పెట్టాలి.

నేను (ప్రశ్న అడిగినదాన్ని): అంటే కథలో విసుగొచ్చింది న్యాయాధిపతికి, ఆమెకు కాదు! చిన్నప్పటి నుంచి ఈ కథ వింటున్నాను, ఇది తట్టలేదు. విశ్వాసం ఉన్నవాళ్ళకు చిరాకే రాకూడదని, వస్తే భక్తి తక్కువైనట్టని మా ఇళ్ళలో ఒక లెక్క. ఆ లెక్కలో నేనెప్పుడూ ఫెయిలే. దేవుడు ఆ న్యాయాధిపతి లాంటివాడు కాదన్నదే కథలో అసలు పాయింటని నాకు తెలుసు. అయినా ఆ గోజాడే మనిషిని చూస్తే కాస్త ధైర్యంగా ఉంది. ఫైలు సంగతి అడిగిన అన్నగారికి: నా ప్రార్థన ఫైలు కదలాలని కాదండీ, నేను కదలాలని.

జవాబు: మరి క్లర్కు మీద విసుక్కున్నది?

నేను: అది తప్పే. దానికి వ్యాకరణం అడ్డం పెట్టుకోను. గురువారం ఆరోసారి వెళ్ళాను. బస్సులో కళ్ళు మూసుకుని ఆ వచనమే అనుకున్నాను. క్లర్కు చూసి 'మళ్ళీ వచ్చిన్రా మేడం' అన్నాడు. మొన్న అలా మాట్లాడినందుకు సారీ అన్నాను. ఈసారి అఫిడవిట్ తెమ్మన్నాడు. సోమవారం ఏడోసారి. అమ్మకూ సారీ చెప్పాను. 'మీ నాన్నా ఇంతే' అంది. విసుక్కోవడంలోనా, వదలకపోవడంలోనా అని అడగలేదు.