అప్‌డేట్: లాట్ పుల్‌డౌన్ చేస్తే కుడి భుజంలో పోటు – కారణం తెలిసింది

వీపు కోసం లాట్ పుల్‌డౌన్ (కూర్చుని, పైనున్న కడ్డీని కిందికి లాగే జిమ్ వ్యాయామం) చేసినప్పుడల్లా కుడి భుజం ముందువైపు పోటు వస్తోందని, చొక్కా తొడుక్కోవడం కూడా కష్టమవుతోందని మూడు నెలల క్రితం పర్లాకిమిడి నుంచి రాశాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

బరంపురంలో ఒక ఫిజియోథెరపిస్టుకు చూపించాను. ఆయన నా చేతిని పక్కనుంచి మెల్లగా పైకెత్తమన్నారు. భుజం ఎత్తుకు వచ్చేసరికి నొప్పి మొదలై, చెయ్యి పూర్తిగా పైకి వెళ్లాక తగ్గిపోయింది. రొటేటర్ కఫ్ టెండన్ (భుజం కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) దాని పైనున్న ఎముక కింద ఒరుసుకుంటోందని, నేను ఏడాదిగా కడ్డీని మెడ వెనక్కి లాగుతుండటం వల్లే అది రేగిందని చెప్పారు. ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) కావచ్చునని కొందరు అనుమానించారు కానీ, ఆయన నా చేతిని ఎటు తిప్పినా పూర్తిగా తిరిగింది కనుక అది కాదని తేలింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. పడుకునే దిండు మార్చి చూసినా ఉపయోగం కలగలేదు.

కడ్డీని ముందువైపు ఛాతీ పైభాగం దాకానే లాగమని ఇక్కడ ఒకరిచ్చిన సలహాయే చివరికి పనిచేసింది. మొదటి మూడు వారాలు పుల్‌డౌన్ పూర్తిగా మానేసి, ఛాతీని బెంచీకి ఆనించి చేసే రోయింగ్ (బరువును ఒంటి వైపు లాగే వ్యాయామం) మాత్రమే తక్కువ బరువుతో చేశాను. దానితోపాటు మోచేతిని నడుముకు ఆనించి, రబ్బరు బ్యాండుతో ముంజేతిని బయటికి తిప్పే వ్యాయామం రోజూ చేశాను. ఇప్పుడు పుల్‌డౌన్‌ను పాత బరువులో సగంతో, నొప్పి లేకుండా చేస్తున్నాను.