మందుల పరీక్షకు రంగు పద్ధతులు ఇంకా పనికొస్తాయా?

ఉప్పల్_ఎంఫార్మ్: ప్రొకైన్ (మొద్దుబార్చే మందు) ఇంజెక్షన్‌ను బ్రాటన్-మార్షల్ పద్ధతిలో రంగు తెప్పించి, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో కొలిచి థీసిస్ చెయ్యమంటున్నారు మా గైడ్. కాలేజీలో హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే మెషీన్) లేదు. 1939 నాటి పద్ధతితో జీడిమెట్ల కంపెనీల్లో ఉద్యోగం వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జీడిమెట్ల_క్యూసీ: కష్టం. ప్రొకైన్ చెడితే పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం వస్తుంది. ప్రొకైన్‌లో రంగునిచ్చే అమీన్ భాగమే దాంట్లోనూ ఉంటుంది కాబట్టి అదీ గులాబీ రంగే ఇస్తుంది. మందు సగం పాడైనా అబ్జార్బెన్స్ (రంగు ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుంటుందనే కొలత) పెద్దగా తగ్గదు. ఆ అంకె నమ్మి బ్యాచ్ ఎలా వదులుతాం? హెచ్‌పీఎల్‌సీలో రెండూ గ్రాఫ్‌లో వేర్వేరు పీకులుగా (శిఖరాలుగా) వస్తాయి.

నాచారం_91: నాకైతే రంగే నిలవలేదు. రీడింగ్ తీసేలోపు మారిపోయేది.

పాత_లెక్చరర్: నాచారం గారూ, సోడియం నైట్రైట్ వేశాక మిగిలినదాన్ని అమ్మోనియం సల్ఫమేట్‌తో పోగొట్టారా? అది మిగిలితే తర్వాత వేసే రంగు రియేజెంటునే పాడుచేస్తుంది.

నాచారం_91: వేశాను సార్.

పాత_లెక్చరర్: వేసి, బుడగలు ఆగేదాకా ఉన్నారా? చాలామంది అక్కడే తొందరపడతారు. సరిగ్గా చేస్తే 540 నానోమీటర్ల కాంతి దగ్గర మందు గాఢతకూ అబ్జార్బెన్స్‌కూ గ్రాఫ్ గీస్తే చక్కటి సరళరేఖ వస్తుంది.

జీడిమెట్ల_క్యూసీ: బుడగల సంగతి ఎవరడిగారు సార్? నేనడిగింది చెడిన మందు గురించి! నేనూ రంగు థీసిసే చేశాను. ఇంటర్వ్యూలో హెచ్‌పీఎల్‌సీ పీక్ టెయిలింగ్ (శిఖరం వెనక తోకలా సాగడం) ఎందుకొస్తుందని అడిగితే నోరు పెగల్లేదు. రెండేళ్లు ఖాళీగా ఉన్నాను. గైడ్‌కు మాత్రం పేపర్ వచ్చింది.

మియాపూర్_ఫార్మా: నాదీ ఇదే కథ.

పాత_లెక్చరర్: ఆ గైడ్ల వరుసలో నన్నూ కలిపేస్తున్నారు. ఏడేళ్లు ప్రతి బడ్జెట్‌లో హెచ్‌పీఎల్‌సీ అడిగాను, ఒక్కసారీ ఇవ్వలేదు. అంతవరకు పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టాలా? పిపెట్ పట్టడం, బ్లాంక్ (మందు లేని ద్రావణం) పెట్టడం, గ్రాఫ్ గీయడం ఆ పద్ధతితోనే నేర్పాను.

జీడిమెట్ల_క్యూసీ: నేర్పడం తప్పనలేదు సార్. మెషీన్ లేదని సీటు ఇచ్చేముందే చెప్పాలి కదా. మా నాన్న పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టారు.

పాత_లెక్చరర్: అది నిజం. మేం చెప్పలేదు.

ఉప్పల్_ఎంఫార్మ్: సార్, రేపు కొంత ప్రొకైన్‌ను క్షారంలో వేడిచేసి చెడగొట్టి చూస్తాను. రంగు తగ్గకపోతే ఆ గ్రాఫే గైడ్ ముందు పెట్టి, హెచ్‌పీఎల్‌సీ ఉన్న ల్యాబ్‌కు పంపమని అడుగుతాను.

పాత_లెక్చరర్: చెయ్యమ్మా. వేడిచేశాక తటస్థం చేసి, చల్లార్చాకే నైట్రైట్ వెయ్యి.