అనుభవం లేకుండా ఫ్రీలాన్స్ కాపీరైటింగ్ మొదలుపెట్టడం ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కస్టమర్ సపోర్ట్‌లో చేస్తున్నాను, రోజంతా వాడేవాళ్ల మెయిళ్లకు జవాబులు రాయడమే పని. రాయడం ఇష్టం కాబట్టి ఫ్రీలాన్స్‌గా కాపీరైటింగ్ (కంపెనీల యాడ్‌లు, అమ్మకం పేజీలు, మెయిళ్లు రాయడం) చేద్దామనుకుంటే ఎక్కడ అడిగినా ఇదివరకు చేసిన పని చూపించమంటున్నారు. ఎవరైనా పని ఇస్తే కదా చూపించడానికి ఉండేది! ఏదైనా కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలా? ఉద్యోగం మానేసి పూర్తిగా దీని మీదే కూర్చోవాలా? కొంచెం దారి చెప్పండి.

జవాబు:
ముందు ఒక్క మాట, ఉద్యోగం మానకండి. జీతం వస్తున్నన్నాళ్లు చాలీచాలని రేటు ఇస్తామన్నవాళ్లకు కుదరదని చెప్పగలరు, అద్దె కట్టాలనే టెన్షన్ మొదలయ్యాక ఆ మాట నోట రాదు. బయటి పని చేయొచ్చో లేదో మాత్రం మీ అపాయింట్‌మెంట్ కాగితాల్లో ఒకసారి చూసుకోండి.

సర్టిఫికెట్ ఎవరూ అడగరండి. నేను రాస్తాను, అప్పుడప్పుడు వేరేవాళ్ల చేత రాయిస్తాను కూడా. ఎవరైనా పని కోసం మెయిల్ పెడితే నేను నేరుగా తెరిచేది వాళ్ల నమూనాలనే. ఆ నమూనా ఎవరో డబ్బిచ్చి రాయించుకున్నదే అయ్యుండాలని ఎక్కడా లేదు. మీకు మీరే ఒక పని పెట్టుకుని రాయండి, దీన్ని ఈ ఫీల్డ్‌లో స్పెక్ అంటారు. పైన ‘సొంతంగా చేసిన నమూనా, ఈ కంపెనీ కోసం చేసింది కాదు’ అని స్పష్టంగా రాసి పెట్టండి. ఆ లైన్ దాచి ఏదో పెద్ద కంపెనీకి చేసినట్టు చూపిస్తే ఒక్క మెయిల్‌తో బయటపడుతుంది, ఆ తర్వాత మీరు ఎంత బాగా రాసినా నమ్మరు.

ఎలా చేయాలో ఒక ఉదాహరణ చెబుతాను. ఆన్‌లైన్‌లో గిటార్ నేర్పే ఒక సైట్ ఉందనుకుందాం. మొదటి పేజీలో ‘అత్యుత్తమ నాణ్యతతో కూడిన సంగీత శిక్షణ అందిస్తాము’ అని ఉంది. ఇది ఎవరి సైట్‌లోనైనా అతికించొచ్చు, వయొలిన్ నేర్పేవాళ్లూ ఇదే రాసుకోవచ్చు. ఇప్పుడు అలాంటి క్లాసుల మీద జనం పెట్టిన రివ్యూలు కూర్చుని చదవండి, ముఖ్యంగా రెండు మూడు స్టార్లు ఇచ్చినవాళ్లవి, ఎందుకంటే ఐదు స్టార్ల వాళ్లు ‘సూపర్’ అని వదిలేస్తారు, ఒక్క స్టార్ వాళ్లు కోపంలో ఉంటారు, మధ్యలో ఉన్నవాళ్లే ఏది నచ్చిందో ఏది నచ్చలేదో విడమరిచి చెబుతారు. ‘ఆఫీస్ వల్ల క్లాస్ మిస్సయితే ఇక అందుకోలేకపోతున్నాను’ అనే మాట మళ్లీ మళ్లీ కనిపించిందనుకోండి. ఆ సైట్ వాళ్లు రికార్డింగులు ఇస్తున్నారని వాళ్ల పేజీలోనే ఎక్కడో కింద ఉంది. అప్పుడు మీ హెడ్‌లైన్ ‘ఆఫీస్ ఆలస్యమైందా? ఈరోజు గిటార్ క్లాస్ రాత్రి చూసుకోండి’ అవుతుంది. కింద రెండు లైన్లలో క్లాస్ ఎంతసేపు, రికార్డింగ్ ఎప్పుడు వస్తుంది, డౌట్ వస్తే ఎవరిని అడగాలి. సైట్‌లో లేని సౌకర్యం మాత్రం ఒక్కటి కూడా కల్పించకూడదు.

పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి, ఎందుకు మార్చారో నాలుగు ముక్కలు రాయండి. నన్ను అడిగితే ఆ నాలుగు ముక్కలే అసలు నమూనా. బాగా రాసేవాళ్లు చాలామంది దొరుకుతారు, ఎందుకలా రాశారో చెప్పగలిగేవాళ్లు తక్కువ.

ఇంకోటి, అనుభవం లేదంటున్నారు గానీ కస్టమర్లు ఏ మాటల్లో బాధ చెప్పుకుంటారో రోజూ చదువుతున్నారు మీరు. మిగతావాళ్లు అది తెలుసుకోవడానికే తంటాలు పడతారు. కాబట్టి సాఫ్ట్‌వేర్ కంపెనీల వైపే మొదలుపెట్టండి.

మళ్లీ అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ, ఎవరూ ఇంత వివరంగా చెప్పలేదు. నమూనాలు ఎన్ని ఉండాలి? బ్లాగ్ ఆర్టికల్స్ కూడా పెట్టొచ్చా?

జవాబు:
మూడు చాలు, గట్టిగా ఉంటే. ఆర్టికల్స్ కంటెంట్ రైటింగ్ కిందకి వస్తాయి, అదీ మంచి పనే, కానీ కాపీరైటర్ కావాలన్నవాళ్లు చూసేది చదివినవాళ్లను క్లిక్ చేయించే, కొనిపించే, చేర్పించే రాత. ఒక ల్యాండింగ్ పేజీ (యాడ్ నొక్కితే తెరుచుకునే పేజీ), కొత్తగా చేరినవాళ్లకు వెళ్లే వెల్‌కమ్ మెయిళ్లు మూడు, ఒక గూగుల్ సెర్చ్ యాడ్ (గూగుల్‌లో ఏదైనా వెతికితే ఫలితాలతో పాటు కనిపించే యాడ్) సెట్ పెట్టండి. సెర్చ్ యాడ్‌లో ఒక్కో హెడ్‌లైన్ 30 అక్షరాలు దాటకూడదు, డిస్క్రిప్షన్ 90 దాటకూడదు, ఒక యాడ్‌కి 15 హెడ్‌లైన్ల వరకు, 4 డిస్క్రిప్షన్ల వరకు ఇవ్వొచ్చు. ఖాళీలు కూడా లెక్కలోకి వస్తాయి. గూగుల్ వాటిని రకరకాలుగా కలిపి చూపిస్తుంది కాబట్టి ఏ హెడ్‌లైన్ పక్కన ఏది పడినా అర్థం చెడకూడదు. ఆ హద్దుల్లో రాసి చూపిస్తే మీకు పని తెలుసని వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. వెబ్‌సైట్ అక్కర్లేదు, అందరూ తెరవగలిగేలా పెట్టిన ఒక గూగుల్ డాక్ లింక్ చాలు.

ఇంకొకరు:
పై సలహాలన్నీ బాగున్నాయి. డబ్బు సంగతి నేను చెబుతాను. ఫ్రీలాన్స్ పనులు దొరికే ఫైవర్ లాంటి సైట్‌లో మొదలుపెట్టొచ్చు, తప్పులేదు, కానీ మీకొచ్చే దాంట్లో 20 శాతం వాళ్లు ఉంచుకుంటారు, రేటు చెప్పేటప్పుడే అది కలుపుకోండి. పదానికింత అని ఒప్పుకోకండి. ఆరు పదాల హెడ్‌లైన్‌కి ఒక్కోసారి రోజంతా పడుతుంది. మొత్తం పనికి ఇంత అని చెప్పండి, కొత్త క్లయింట్ అయితే సగం అడ్వాన్స్ తీసుకోండి. ఏమేం రాసిస్తారు, ఎప్పటికి ఇస్తారు, ఎన్నిసార్లు మారుస్తారు (రెండుసార్లు న్యాయం), మిగతా సగం ఎప్పుడివ్వాలి, ఇవి మెయిల్‌లో రాసి ‘ఓకే’ అనిపించుకున్నాకే పని మొదలుపెట్టండి. ఫోన్‌లో అనుకున్నవి ఎవరికీ గుర్తుండవు. ‘టెస్ట్’ అని పూర్తి పేజీ రాయించుకుని మాయమయ్యేవాళ్లున్నారు, నాకు ఒక ఏజెన్సీతో అదే జరిగింది. ఒక పేరా అయితే రాసివ్వండి, వాళ్లు నేరుగా వాడుకోగలిగేంత అడిగితే డబ్బు అడగండి. రిజిస్ట్రేషన్ ఫీజు కడితే పని ఇస్తామన్నవాళ్లకు జవాబు కూడా ఇవ్వొద్దు.

మళ్లీ అడిగినవారు:
క్లయింట్లకు నేరుగా మెయిల్ పెట్టాలంటే ఏం రాయాలో తోచట్లేదు. మా ఆఫీస్‌కి వచ్చే కంప్లైంట్లు నమూనాల్లో వాడుకోవచ్చా?

జవాబు:
మెయిల్‌లో మీ గురించి తక్కువ, వాళ్ల పేజీ గురించి ఎక్కువ రాయండి. ఇలా: ‘మీ ఫ్రీ ట్రయల్ పేజీ చూశాను. కార్డ్ వివరాలు అడగరన్న విషయం అన్నిటికంటే కింద ఉంది. చాలామంది వెనక్కి తగ్గేది ఆ అనుమానంతోనే కాబట్టి దాన్ని బటన్ పక్కకు తెచ్చి రాసి చూశాను, కింద ఉంది. నచ్చితే వాడుకోండి, మిగతా పేజీ గురించి మాట్లాడాలనుంటే చెప్పండి.’ అంతే. ఒకే మెయిల్ వందమందికి పంపే బదులు రోజుకి ఒక్కరికి ఇలా పంపండి. జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేసి ఊరుకోండి. ఎక్కువమంది జవాబివ్వరు, అది మీ రాత మీద తీర్పు అనుకోకండి, వాళ్లకు ఆ వారం వేరే పని ఉండొచ్చు.

ఆఫీస్ కంప్లైంట్లు మాత్రం వద్దు, పేర్లు తీసేసినా వద్దు. అవి నమ్మి మీ కంపెనీకి రాసిన మెయిళ్లు. అదే బాధ యాప్ స్టోర్ రివ్యూల్లో అందరికీ కనిపించేలా రాసినవాళ్లు బోలెడంతమంది ఉంటారు, అక్కడి నుంచి తీసుకోండి. మొదటి నమూనా అయ్యాక లింక్ ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.