సింథ్ సోలో పాటల్లోంచి ఎందుకు పోయింది? ఇప్పుడు పెట్టాలంటే ఎలా?

ప్రశ్న (పిచ్‌వీల్)
1970లో ‘లక్కీ మ్యాన్’ పాట చివర కీత్ ఎమర్సన్ వాయించిన మూగ్ సింథ్ (కరెంటుతో శబ్దం పుట్టించే సింథసైజర్ కీబోర్డు) నుంచి, 1984 నాటి వాన్ హేలెన్ ‘జంప్’లోని ఓబర్‌హైమ్ సింథ్ సోలో దాకా, కీబోర్డుకీ గిటార్‌తో పాటు పాటలో చోటుండేది. ఆ తర్వాత అది కరిగిపోయింది. యమహా డీఎక్స్7 కీబోర్డు వచ్చి చంపేసిందంటారు, నిజమేనా?
ఇంకో సందేహం. 96 బీపీఎమ్ (నిమిషానికి 96 బీట్లు), ఈ మైనర్ (E minor) పాటలో ఆఖరి పల్లవికి ముందు 8 బార్లు (తాళంలో ఆవర్తాల్లాంటివి) ఖాళీ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ సింథ్‌లో సా వేవ్ (రంపపు పళ్ల ఆకారపు తరంగం) లీడ్ (ముందుండి పలికే శబ్దం) పెడితే బొమ్మ కీబోర్డులా పీలగా ఉంది. 7 వాయిస్‌ల యూనిసన్ (ఒకే స్వరం ఏడు గొంతుల్లో) వేస్తే లావెక్కుతోంది గానీ, బెండ్ చేస్తే (స్వరాన్ని జార్చితే) స్వరం ఎక్కడుందో తెలియట్లేదు.

జవాబు (మోనోలీడ్)
ముందు ఆ యూనిసన్ తీసేయండి. శ్రుతి కాస్త తేడాగా ఉన్న ఏడు గొంతులు ఒకేసారి జారితే చెవికి ఏ స్వరమూ పట్టుబడదు. పాత మూగ్ సింథ్ మినీమూగ్‌లో ఉన్నవి మూడే ఆసిలేటర్లు (శబ్ద తరంగం పుట్టించే భాగాలు). రెండు సా వేవ్‌లు, మధ్య తేడా 6 సెంట్లు (పక్కపక్క కీల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). మూడోది స్క్వేర్, ఒక ఆక్టేవ్ కింద, సగం వాల్యూమ్‌లో. పీలదనం దీంతోనే పోతుంది.
మోనో (ఒకసారికి ఒకే స్వరం), లెగాటో (స్వరాలు తెగకుండా కలవడం) ఆన్. గ్లైడ్ (స్వరం నుంచి స్వరానికి జారే సమయం) 50 మిల్లీసెకన్లు. 24 డీబీ లోపాస్ ఫిల్టర్‌ని (పై ఫ్రీక్వెన్సీలు కోసేది) 1.5 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టి, ఎన్వలప్‌తో (నోటు నొక్కాక కాలంతో మారే తీరు) కొంచెం తెరవండి, డికే (తగ్గే సమయం) 350 మిల్లీసెకన్లు. వైబ్రాటో (స్వరం వణుకు) 5.5 హెర్ట్జ్, మాడ్ వీల్ (కీబోర్డు ఎడమవైపు ఉండే మాడ్యులేషన్ చక్రం) మీద మాత్రమే. మొదటి క్షణం నుంచీ వణుకుతుంటేనే బొమ్మ కీబోర్డు గుర్తొస్తుంది. స్వరం నిలబడ్డాక వీల్ ఎత్తండి.
96 బీపీఎమ్‌కి డాటెడ్ ఎయిత్ డిలే (ముప్పావు బీటు తర్వాత వచ్చే ప్రతిధ్వని) 469 మిల్లీసెకన్లు, మిక్స్ 15 శాతం చాలు.

జవాబు (ఎడమచెయ్యి)
పై సెట్టింగులు సరే, కానీ సోలో అంతా ఎడమచేతిలో, స్వరాన్ని జార్చే పిచ్ వీల్ మీద ఉంది. బెండ్ రేంజ్ 2 సెమీటోన్లు (రెండు కీల దూరం). మీకు బి (B) స్వరం కావాలంటే బి నొక్కకండి. ఏ (A) స్వరం నొక్కి, వీల్‌ని పైదాకా తోసి బి చేరండి. వీణలో తీగ లాగి పై స్వరం పలికించినట్టే. కీబోర్డు వాద్యకారుడు జాన్ హామర్ లీడ్ గిటార్‌లా వినిపించడానికి ముఖ్య కారణం ఇదే. దిగేటప్పుడు వీల్‌ని వదిలేయకండి, స్ప్రింగ్ టక్కున లాగేస్తుంది. బొటనవేలు ఆనించి దించండి. ఒరిజినల్ మినీమూగ్ వీల్‌కి స్ప్రింగే లేదు, అందుకే ఆ నిదానం.
రికార్డింగ్‌లో రెండు ప్రమాదాలు. క్వాంటైజ్ (నోట్లను తాళానికి సర్దే కమాండ్) కొడితే నోట్లు జరుగుతాయి, బెండ్ డేటా చాలాసార్లు పాత చోటే ఉండిపోతుంది. జారు ముందో వెనకో పడుతుంది. మధ్యలో పంచ్ అవుట్ చేస్తే (రికార్డింగ్ ఆపితే) వీల్ విలువ సున్నాకి రాకుండా ఆగి, అక్కడి నుంచి ట్రాక్ మొత్తం అపశ్రుతి. క్లిప్ చివర ఒక సున్నా పాయింట్ గీయండి. ఆడియో బఫర్ 128 శాంపిల్స్‌లో ఉంచండి. 44.1 కిలోహెర్ట్జ్‌లో 512 అంటే 11.6 మిల్లీసెకన్ల ఆలస్యం, వేగంగా వాయిస్తే వేలికి తెలిసిపోతుంది.

జవాబు (పాతసర్క్యూట్)
డీఎక్స్7 మీద ఆ నింద సగమే నిజం. 1983లో వచ్చిన ఆ కీబోర్డుకి నాబ్‌లు లేవు, ఒక్క స్లైడర్‌తో ఒకసారికి ఒక పారామీటరే మార్చగలం. దాంతో చాలామంది ప్రీసెట్లకే (ముందే తయారుచేసి ఇచ్చిన శబ్దాలకే) పరిమితమయ్యారు. కానీ వెలాసిటీ (కీ కొట్టే వేగం), ఆఫ్టర్‌టచ్ (నొక్కాక ఇచ్చే ఒత్తిడి), బ్రెత్ కంట్రోలర్ (ఊదే ఊపిరితో నడిపేది) సాకెట్ దానికున్నాయి. మినీమూగ్‌కి వీటిలో ఒక్కటీ లేదు. వాయించే చేతికి అది ఎక్కువే ఇచ్చింది.
నా లెక్కలో అసలు మార్పు పాట అల్లికలో ఉంది. సీక్వెన్సర్ (నోట్లను తనంతట వాయించే యంత్రం), లూప్‌ల (తిరిగి తిరిగి మోగే ముక్కల) మీద పాట కట్టడం మొదలయ్యాక, మధ్యలో ఒకరు వచ్చి వాయించే 8 బార్లు మిగల్లేదు. డాక్టర్ డ్రే 1992 ర్యాప్ ఆల్బమ్ ‘ది క్రానిక్’లో సన్నగా జారే లీడ్ ఉంది, అయితే అది తిరిగి తిరిగి వచ్చే హుక్, సోలో కాదు. డాన్స్ మ్యూజిక్‌లో ఆ చోటు డ్రాప్ (బీటు ఒక్కసారిగా విరుచుకుపడే భాగం) తీసుకుంది.
పాత సింథ్‌లను కంపెనీలే మళ్లీ తెచ్చాయి: 2015లో కోర్గ్ ఆడిసీని, 2016లో మూగ్ మినీమూగ్ మోడల్ డీని. పరికరాలు తిరిగొచ్చాయి, ఖాళీ బార్లు ఇంకా రావాలి. మీరు 8 ఉంచారు, వాటిలో పాడ్‌ని (వెనక నిలిచి మోగే శబ్దం) 3 డీబీ తగ్గించి లీడ్‌కి దారివ్వండి.

జవాబు (మోనోలీడ్)
ఇంకొకటి మర్చిపోయాను. పాత రికార్డుల్లోని ట్రిల్స్ (రెండు స్వరాల మధ్య వేగంగా ఊగడం) సాఫ్ట్‌వేర్‌లో పలకకపోతే నోట్ ప్రయారిటీ (రెండు కీలు నొక్కితే ఏది పలకాలన్న నియమం) చూడండి. మినీమూగ్‌ది లో నోట్: పై కీ పట్టుకుని కింది కీ తట్టాలి. లాస్ట్ నోట్‌లో ఉంటే ఏది పట్టుకుని ఏది తట్టినా పలుకుతుంది, హై నోట్‌లో మాత్రం కింది కీ తట్టినా పట్టుకున్న పై స్వరమే మోగుతుంటుంది.