పసి నక్షత్రాల దూరం కొలవడానికి గయా ఉండగా ఇంకా రేడియో ఎందుకు?

ధూళిమేఘం:
అందరికీ నమస్తే. ఓరియన్ నెబ్యులా (కొత్త నక్షత్రాలు పుట్టే గ్యాస్, ధూళి మేఘం) గురించి చదువుతుంటే ఒకచోట దూరం 414 పార్సెక్‌లు (ఒక పార్సెక్ అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) అని, ఇంకోచోట 388 అని ఉంది, రెండూ రేడియోతో కొలిచినవేనట. గయా అనే యూరప్ అంతరిక్ష టెలిస్కోప్ వంద కోట్లకు పైగా నక్షత్రాల పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే నక్షత్రం కాస్త ఊగినట్టు కనబడటం, దాన్నిబట్టే దూరం లెక్క) కొలిచేసింది కదా, మరి కొత్తగా పుట్టిన నక్షత్రాలకి ఇప్పటికీ రేడియో ఎందుకు? అసలు నక్షత్రం రేడియోలో ఎలా కనిపిస్తుంది? ఇంకోటి, ఓ పాతిక పార్సెక్‌లు అటూఇటూ అయితే ఏం కొంపలంటుకుంటాయి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

రాత్రిపక్షి:
గయా చూసింది మామూలు వెలుగులోనండి. పసి నక్షత్రం తను పుట్టిన ధూళి మేఘంలోనే ఇంకా కూరుకుపోయి ఉంటుంది, ఆ వెలుగు బయటికి రాదు. సెంటీమీటర్ల పొడవున్న రేడియో తరంగానికి ఆ ధూళి అసలు అడ్డే కాదు. బయటికి కనబడే వాటికి కూడా చుట్టూ నెబ్యులా వెలుగు ఉంటే గయా లెక్క అంత నమ్మకంగా రాదు.

రేడియోలో కనబడటం అంటారా, ఈ వయసులో నక్షత్రాల అయస్కాంత క్షేత్రాలు చాలా బలంగా ఉంటాయి, వాటి చుట్టూ ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో తిరుగుతూ రేడియో తరంగాలు వదులుతాయి. సూర్యుడి మీద ఫ్లేర్లు (పేలుళ్ళు) వస్తాయి కదా, ఆ జాతిదే కానీ ఎన్నో రెట్లు పెద్దది. ముఖ్యమైన సంగతేంటంటే ఇది నక్షత్రాన్ని అంటిపెట్టుకునే వస్తుంది, అందుకే అంత దూరం నుంచి చూస్తే చుక్కలా ఉంటుంది, చుక్క అయితేనే దాని స్థానం కచ్చితంగా కొలవగలం. నక్షత్రం నుంచి చిమ్ముకొచ్చే వేడి గ్యాస్ జెట్ల రేడియో అలా కాదు, పరుచుకుపోయి ఉంటుంది కాబట్టి ఈ పద్ధతికి దొరకదు. అందుకే పనికొచ్చే నక్షత్రాలు ప్రతి మేఘంలోనూ కొన్నే ఉంటాయి.

బేస్‌లైన్:
కొలిచే తీరు నేను చెప్తా, నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైంది అదే. అమెరికా వాళ్ళ వీఎల్‌బీఏ అనే రేడియో టెలిస్కోప్‌ల వ్యవస్థలో 25 మీటర్ల డిష్‌లు 10 ఉన్నాయి, ఒక చివర హవాయిలో ఇంకో చివర వర్జిన్ ఐలాండ్స్‌లో, మధ్య దూరం సుమారు 8,600 కిలోమీటర్లు. ప్రతి డిష్ పక్కన హైడ్రోజన్ మేజర్ అనే అణు గడియారం ఉంటుంది, దాని టైముతో సహా సిగ్నల్ రికార్డ్ చేసి తర్వాత అన్నీ కలిపి లెక్క కడితే అంత పెద్ద టెలిస్కోప్‌తో చూసినంత చురుకుదనం వస్తుంది.

అయితే ఒక్కో డిష్ మీద గాలిలో నీటి ఆవిరి ఒక్కోలా ఉంటుంది, దాంతో సిగ్నల్ రావడం కొంచెం ముందూవెనకా అవుతుంది. అందుకని ఆకాశంలో నక్షత్రం పక్కనే కనబడే ఒక క్వేసార్‌ని (ఎక్కడో దూరపు గెలాక్సీ నడిబొడ్డున వెలిగే చుక్క) ఎంచుకుని కొన్ని నిమిషాలకోసారి దీన్నీ దాన్నీ మార్చి మార్చి చూస్తారు. క్వేసార్ ఎంత దూరం అంటే దానికి పారలాక్స్ లేనట్టే, దాన్ని ఆధారం చేసుకుని నక్షత్రం ఎంత కదిలిందో చూస్తారు. ఓరియన్ పారలాక్స్ రెండున్నర మిల్లీ ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఆర్క్ సెకను, అందులో వెయ్యో వంతు మిల్లీ ఆర్క్ సెకను). ఒక్క మిల్లీ ఆర్క్ సెకను అంటే చంద్రుడి మీద నిలబడ్డ మనిషి ఎత్తు ఇక్కణ్ణుంచి ఎంత కనిపిస్తుందో అంత, వీళ్ళు అందులో వందో వంతుల దాకా వెళ్తారు!

మీరు చెప్పిన 414 అనేది 2007లో నాలుగే నక్షత్రాలతో వచ్చింది (ప్లస్ ఆర్ మైనస్ 7). 2017లో ఇంకా ఎక్కువ నక్షత్రాలని ఎక్కువ కాలం చూస్తే 388 వచ్చింది (ప్లస్ ఆర్ మైనస్ 5). తర్వాత గయా డేటాతో కట్టినవాళ్ళకి కూడా సుమారు 390, 400 దగ్గరే వచ్చింది.

ధూళిమేఘం:
సూపర్, క్వేసార్ సంగతి ఇప్పుడు అర్థమైంది. పాతిక పార్సెక్‌ల మాట మిగిలిపోయింది కానీ.

రాత్రిపక్షి:
వెలుగు లెక్కలో దూరం వర్గం అవుతుంది కదండి, 388 బదులు 414 వేస్తే నక్షత్రం 14 శాతం ఎక్కువ వెలుగుతున్నట్టు లెక్క వస్తుంది. ఇంకా గట్టి ఉదాహరణ సర్పెన్స్ అని నక్షత్రాలు పుట్టే ఇంకో మేఘం. ధూళి వెనకున్న నక్షత్రాలు ఎంత మసకబారాయో చూసి దూరం 260 పార్సెక్‌ల దాకా అనుకునేవాళ్ళు. 2010లో అక్కడి ఈసీ 95 అనే నక్షత్రాన్ని వీఎల్‌బీఏతో కొలిస్తే 415 వచ్చింది, 2017కి అది 436 అయింది. ముందు కొలిచింది మనకి దగ్గర్లో అడ్డంగా ఉన్న వేరే ధూళినన్నమాట. దీంతో అక్కడున్న ప్రతి నక్షత్రం వెలుగూ దాదాపు 2.8 రెట్లు పెరిగింది. పసి నక్షత్రం కుంచించుకుపోతూ మసకబారుతుంది కాబట్టి ఎక్కువ వెలుగు అంటే తక్కువ వయసు, అంటే మేఘం మొత్తం వయసు లెక్క మారిపోయింది. నక్షత్రం చుట్టూ తిరిగే గ్యాస్, ధూళి డిస్క్ బరువు, జెట్ పొడవు, అన్నీ దూరం మీదే ఆధారపడ్డవి. అందుకే దూరం విషయంలో ఎంత పట్టుబట్టినా తక్కువే అంటాను.

బేస్‌లైన్:
ఆ ఈసీ 95 జంట నక్షత్రం అని కూడా కలపండి. పసి నక్షత్రాల్లో జంటలు బోలెడు, అప్పుడు పారలాక్స్ ఊగిసలాట, నక్షత్రం సొంత నడక, జోడీ చుట్టూ తిరగడం, మూడూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. వాటిని విడదీయాలంటే ఒక ఏడాది చూస్తే చాలదు, కొన్నేళ్ళు చూడాలి. అంత కష్టపడితే దూరంతో పాటు ఇద్దరి బరువులూ నేరుగా దొరుకుతాయి, అలా నేరుగా తూచే దారులు చాలా తక్కువ.